బండి కింద లాంతరు నుంచి ఎల్‌ఈడీ బార్ దాకా: వెలుతురు ఎక్కడ పడాలి?



ఈ పోస్టు కాస్త పెద్దదే. పొలం పని అయ్యాక, భోంచేసి మంచం మీద చేరగిలబడినప్పుడు తీరిగ్గా చదవండి. ట్రాక్టరుకో, జీపుకో, కోత మిషనుకో అదనపు లైట్లు బిగించినవాళ్లూ, బిగిద్దామనుకుంటున్నవాళ్లూ తెలుసుకోవాల్సిన చరిత్ర ఇది. ముందు నా తప్పు చెప్పుకుని మొదలుపెడతా.

పోయినేడు దాళ్వా కోతలప్పుడు రాత్రిళ్లు పని ఎక్కువగా ఉందని ట్రాక్టరు టాప్ మీద ఒక ఎల్‌ఈడీ బార్ పెట్టించా. తెల్లగా, కాస్త నీలంగా మెరిసే లైటు. స్విచ్ వేస్తే చేను చేనంతా పట్టపగలులా ఉంది. భలే కొన్నానని మురిసిపోయా. నాలుగో రోజు రాత్రి ధాన్యం ట్రక్కుతో కాలువ గట్టు మీద వస్తున్నా. బార్ ఆర్పలేదు. గట్టు గుంతలుగా ఉంది, బాగా కనపడుతుంది కదా అని అలాగే ఉంచా. ఎదురుగా మోపెడ్ మీద మా ఊళ్లో వరసకు బావ అయ్యే ఆయన వస్తున్నాడు. చెయ్యి అడ్డం పెట్టుకోవడం చూశా. అంతలోనే మనిషి కనపడలేదు. గట్టు దిగి పంటబోదెలో పడ్డాడు. కాలు విరిగింది.

ఆస్పత్రిలో ఆయన నన్ను తిట్టలేదు. ఒక్క మాటే అన్నాడు: "నీ లైటు కనపడింది బావా, గట్టే కనపడలేదు."

ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. అన్ని డబ్బులు పోసి కొన్న లైటు నాకు దారి చూపించింది, ఎదుటివాడి దారి మింగేసింది. అప్పట్నుంచి బండి లైట్ల గురించి దొరికిందల్లా చదివా. చదివాక తెలిసింది, ఇది నా ఒక్కడి తప్పు కాదు. నూరేళ్లకు పైగా లోకమంతా మళ్లీ మళ్లీ చేసి, మళ్లీ మళ్లీ దిద్దుకున్న తప్పు. అందుకే ఈ చరిత్ర.

తాత లాంతరు

ఎద్దుబండికి లాంతరు ఎక్కడ కట్టేవాళ్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. బండి కింద, ఇరుసు దగ్గర వేలాడేది. చిన్నప్పుడు మా తాతని అడిగా, "పైన కట్టుకుంటే ఇంకా దూరం కనపడుతుంది కదా తాతా?" అని. "పైన కడితే నీకు లాంతరే కనపడుద్దిరా, దారి కనపడదు" అన్నాడు.

అప్పుడు అర్థం కాలేదు. దీపం కంటికి ఎదురుగా ఉంటే కన్ను ఆ వెలుతురికి అలవాటు పడిపోతుంది, చుట్టూ ఉన్న చీకట్లో ఏమీ ఆనదు. దీపం కంటికి కింద, నేలకి దగ్గరగా ఉంటే గుంతా రాయీ నీడతో సహా తేలి కనపడతాయి. ఎదుటి బండివాడి కంట్లో పడదు. బండి వస్తోందని మాత్రం తెలుస్తుంది. ఇప్పుడు ఫాగ్ ల్యాంపుని బంపరు కింద ఎందుకు పెడతారని ఇంజనీరుని అడగండి, దాదాపు ఇదే చెబుతాడు. బావ మాటా, తాత మాటా ఒకటేనని ఆస్పత్రి నుంచి వస్తూ దారిలో తట్టింది నాకు.

మామిడికాయల కార్బైడే మొదటి కారు లైటు

కార్బైడ్ అంటే మనకు మామిడికాయలు మగ్గేయడమే గుర్తొస్తుంది. ఇప్పుడు దానితో కాయలు మగ్గేయడం చట్టరీత్యా నిషేధం. కానీ మొదటి కార్లకు వెలుగిచ్చింది అదే. 1892లో థామస్ విల్సన్ అనే కెనడా మనిషి అమెరికాలో కరెంటు కొలిమి పెట్టి అల్యూమినియం తీయబోతే కాల్షియం కార్బైడ్ తయారైంది. దాని మీద నీళ్లు పడితే అసిటిలీన్ అనే గ్యాసు వస్తుంది. వెలిగిస్తే తెల్లటి మంట.

ఆ దీపంలో పైన నీళ్ల గది, కింద కార్బైడ్ గది. మధ్యలో చిన్న కుళాయి. చుక్క చుక్కగా నీళ్లు వదిలితే గ్యాసు పుట్టి ముందున్న రంధ్రం దగ్గర మండేది. మంట వెనక అద్దంలాంటి పళ్లెం. సైకిళ్లకీ, గని కార్మికుల టోపీలకీ, కార్లకీ ఇవే దీపాలు. 1904లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో ప్రెస్టోలైట్ అనే కంపెనీ ఆ గ్యాసుని సిలిండర్లలో నింపి అమ్మడం మొదలుపెట్టింది. దాంతో నీళ్ల బాధ తప్పింది.

ఇక్కడ గమనించాల్సింది మంట కాదు, మంట వెనకున్న ఆ పళ్లెం. దీపం నాలుగు వైపులా వెలుతురు చిమ్ముతుంది. వెనక్కి పోయేదాన్ని కూడా పట్టుకుని ముందుకి తోసేది ఆ వంపు పళ్లెం. బండి లైటు అంటే దీపం ఒక్కటే కాదు, దీపమూ దాన్ని మళ్లించే పళ్లెమూ కలిసినది. ఇవాళ్టి ఎల్‌ఈడీకి కూడా ఇదే వర్తిస్తుంది.

కరెంటు వచ్చింది, తగాదా మొదలైంది

1912 మోడల్ కాడిలాక్ కారుకి కరెంటు స్టార్టరూ, కరెంటు లైట్లూ కలిపి ఇచ్చారు. మంట పోయి బల్బు వచ్చింది. వెలుతురు పెరిగింది. పెరగ్గానే ఎదుటి డ్రైవర్లు కళ్లు పోతున్నాయని గోల పెట్టారు.

దానికి విరుగుడే మనం "డిప్పు కొట్టడం" అంటున్నది. 1915లో అమెరికాలో గైడ్ ల్యాంప్ కంపెనీ కిందికి దించే హెడ్‌లైట్లు తెచ్చింది. అయితే దించాలంటే బండి ఆపి, దిగి, ముందుకొచ్చి దించాలి! 1917 కాడిలాక్‌లో ఒక లివరు పెట్టి లోపల కూర్చునే దించేలా చేశారు. 1924లో ఓస్రామ్ కంపెనీ ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు పెట్టి బైలక్స్ బల్బు తెచ్చింది. ఒకటి దూరానికి, ఒకటి దగ్గరికి. దగ్గరి ఫిలమెంటు కింద చిన్న రేకు కప్పు ఉంటుంది. వెలుతురు పైకి పోకుండా ఆపేది ఆ రేకే. ఆ తర్వాత కాలితో తొక్కే డిమ్మర్ స్విచ్ వచ్చింది. పాత లారీలు, జీపులు నడిపినవాళ్లకి అది బాగా తెలుసు.

1950ల్లో యూరప్‌లో ఇంకో మెట్టు ఎక్కారు. డిప్పు వెలుతురుకి పైన గీత గీసినట్టు అంచు ఉంటుంది కదా, ఆ అంచుని ఎదుటి బండి వైపు కిందికి ఉంచి, సొంత పక్క మార్జిన్ వైపు కాస్త పైకి లేపారు. ఎదుటివాడి కంట్లో పడదు, మన పక్కన నడిచేవాడు కనపడతాడు. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి మన లైటు అంచు ఎడమకి లేవాలి. కుడి పక్కన నడిపే దేశాలకు చేసిన లైట్లు కుడికి లేస్తాయి. అలాంటిది తెలియక తెచ్చి బిగించామంటే సరిగ్గా ఎదుటివాడి కళ్లలోకే కొడుతుంది. కొనేముందు గోడ మీద వేసి చూసుకోండి.

మన దగ్గరా ఇది కొత్త సంగతేం కాదు. యుద్ధాలప్పుడు బ్లాకౌట్‌లో హెడ్‌లైటు పై సగానికి నల్లరంగు పూసేవాళ్లు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గరే మునిగింది. నల్లరంగు పూసింది పైన విమానానికి కనపడకూడదని. కానీ ఆ పూతతో ఎదుటివాడి కంట్లో పడే వెలుతురూ తగ్గింది. యుద్ధాలు అయిపోయాక కూడా చాలా బండ్లకి ఆ నల్ల పూత అలాగే ఉండేది. లారీ వెనక "యూజ్ డిప్పర్ ఎట్ నైట్" అని రాసేది కూడా అందుకే. అది లారీకి అలంకారం కాదు, వెనకొచ్చేవాడికి విన్నపం.

పందేలు నేర్పిన పాఠం: లైటుకీ నాజిల్ ఉంటుంది

1923లో ఫ్రాన్సులోని లెమాన్ అనే ఊళ్లో 24 గంటల కారు పందెం మొదలైంది. రాత్రంతా ఎందుకు నడపాలి? అప్పటి కార్ల లైట్లు, కరెంటు సామాను నాసిగా ఉండేవి. రాత్రి పందెం పెడితే కంపెనీలు వాటిని బాగుచేస్తాయని నిర్వాహకుల ఆలోచన. అనుకున్నట్టే అయింది. రాత్రి పందేల్లో, ర్యాలీల్లో నడిపినవాళ్లకి హెడ్‌లైటు ఒక్కటే చాలదని తేలింది. ఒక్కో పనికి ఒక్కో లైటు కావాలి. అలా పుట్టినవే ఇప్పుడు మనం కొనే అదనపు లైట్లు.

వీటిని అర్థం చేసుకోవాలంటే స్ప్రేయర్ నాజిల్ గుర్తుతెచ్చుకోండి. ట్యాంకులో మందు ఒకటే. కొబ్బరిచెట్టు మొవ్వులోకి కొట్టాలంటే గన్ను వాడతాం, సన్నటి ధారగా పోతుంది. పురుగుమందుకి హాలో కోన్, గొడుగులా పడుతుంది. కలుపుమందుకి ఫ్లాట్ ఫ్యాన్, విసనకర్రలా పరుచుకుంటుంది. నాజిల్ తప్పితే మంచి మందు కూడా పక్కవాడి చేలో పడుతుంది. లైటూ అంతే.

స్పాట్ అంటే గన్ను. సన్నగా, చాలా దూరం పోతుంది. ఎడారిలో, తిన్నటి దారిలో వేగంగా పోయేవాడికి. పక్కనున్నది ఏదీ కనపడదు. మన పొలం దార్లలో దీంతో పని తక్కువ.

డ్రైవింగ్ బీమ్ హెడ్‌లైటు హైబీమ్‌కి తోడు. స్పాట్ కన్నా వెడల్పు, ఫ్లడ్ కన్నా దూరం. ఎదురుగా ఎవరూ లేనప్పుడే వెయ్యాలి. డిప్పు కొట్టగానే ఇదీ ఆరిపోయేలా వైరింగు చేయించాలి.

ఫ్లడ్ అంటే గొడుగు నాజిల్. దగ్గర్లో, వెడల్పుగా, పైకీ కిందికీ అన్ని వైపులా పడుతుంది. నాగలి, రోటవేటరు, కేజీ వీల్స్, కోత మిషను కట్టర్ బార్ చూసుకోడానికి ఇదే సరైంది. కానీ ఇది పని లైటు, రోడ్డు లైటు కాదు.

ఫాగ్ అంటే ఫ్లాట్ ఫ్యాన్. బాగా వెడల్పు, పైన కత్తితో కోసినట్టు అంచు. అంచుకి పైన వెలుతురు ఉండకూడదు. కింద బిగిస్తేనే పనిచేస్తుంది. టాప్ మీద పెడితే ఫాగ్ లైటు ఫాగ్ లైటు కాదు.

కాంబో అని అమ్మే బార్లలో స్పాటూ ఫ్లడ్డూ రెండూ కలిపి ఉంటాయి. నేను కొన్నది అదే. అందులో అంచు అనేదే లేదు. గన్నూ గొడుగూ రెండు నాజిళ్లూ ఒకేసారి బావ కళ్లలోకి తెరిచానన్నమాట.

పసుపు రంగు కథ

ఇక రంగు. మంచులో పసుపు లైటే వేయాలని అందరూ అంటారు. ఎందుకని అడిగితే "పసుపు మంచుని చీల్చుకుపోతుంది" అంటారు. ఈ మాటకి పెద్ద చరిత్రే ఉంది.

మన గోదావరి పక్కనున్న యానాంని 1954 దాకా ఏలిన ఫ్రాన్సు, 1930ల చివర్లో తన దేశంలో అన్ని బండ్లకూ పసుపు హెడ్‌లైట్లు ఉండాలని చట్టం చేసింది. కాడ్మియం కలిపిన పసుపు గాజుతో బల్బులు చేసేవాళ్లు. తెల్ల వెలుతురులోంచి నీలం, ఊదా తీసేస్తే మిగిలే పసుపు అది. కంటికి చురుకు తగ్గుతుంది, మంచులో మేలు అని వాళ్ల వాదన. యుద్ధం వస్తే తమ బండి ఏదో, శత్రువు బండి ఏదో తెలియడానికని ఇంకో కథ కూడా చెప్పుకుంటారు. యాభై ఏళ్లకు పైగా ఫ్రాన్సు రోడ్లు రాత్రిపూట పసుప్పచ్చగా ఉండేవి. యూరప్ దేశాల నిబంధనలన్నీ ఒకటి చేసినప్పుడు, 1993 నుంచి కొత్త బండ్లకి ఆ నియమం పోయింది.

మరి పసుపు మంచుని చీల్చుతుందా? చీల్చదు. ఎందుకో చుట్ట తాగేవాళ్ల దగ్గర తెలుస్తుంది. వెలిగించిన చుట్ట కొసన లేచే పొగ ఎండలో కాస్త నీలంగా ఉంటుంది. నోట్లోంచి వదిలిన పొగ తెల్లగా ఉంటుంది. పొగ అదే, రంగు ఎందుకు మారింది? కొస నుంచి వచ్చే పొగలో రేణువులు మరీ సన్నవి. సన్నటి రేణువులు నీలం వెలుతురుని ఎక్కువగా చెదరగొడతాయి. ఆకాశం నీలంగా ఉండడానికీ ఇలాంటి చెదరడమే కారణం. అక్కడ చెదరగొట్టేది గాలి అణువులే. 1871లో ఇంగ్లండ్‌లో లార్డ్ రేలీ దీన్ని లెక్కగట్టి చెప్పాడు. నోట్లోకి వెళ్లొచ్చిన పొగకి తడి పట్టి రేణువులు లావెక్కుతాయి. లావు రేణువులు అన్ని రంగుల్నీ దాదాపు సమానంగా చెదరగొడతాయి, అందుకే తెలుపు. పెద్ద రేణువుల లెక్కని 1908లో జర్మనీలో గుస్తావ్ మీ రాశాడు.

పొగమంచు నీటిచుక్కలు ఎంత చిన్నవైనా వెలుతురు తరంగం కన్నా చాలా లావు. అంటే మంచు నోట్లోంచి వదిలిన పొగ లాంటిది, కొస పొగ లాంటిది కాదు. అది పసుపునీ వదలదు, తెలుపునీ వదలదు. పొలంలో లేచే దుమ్మూ అంతే. మంచు నిజంగా నీలాన్నే చెదరగొట్టేదైతే మనకు నీలంగా కనపడాలి కదా? సంక్రాంతి పొద్దున్న చూడండి, పాల తెలుపు.

అలాగని ఫ్రాన్సువాళ్లు పిచ్చివాళ్లు కాదు. పసుపు వల్ల లాభం మంచులో కాదు, మన కంట్లో ఉంది. నీలం ఎక్కువున్న వెలుతురు కంటికి గుచ్చుకుంటుంది. అంతే వెలుతురు పసుపుగా వస్తే బాధ తక్కువ. మంచు మీద పడి మన కంట్లోకే తిరిగొచ్చే వెలుతురులో ఆ గుచ్చుకునేది తగ్గితే కన్ను అలసిపోదు. మంచులో అసలు పని చేసేది మాత్రం పైన అంచు ఉన్న ఫ్లాట్ ఫ్యాన్, దాన్ని కింద బిగించడం. రంగు రెండోది, ఆకారం మొదటిది.

ఇంకో సంగతి. లైటు మీద పసుపు ఫిల్ములు అతికిస్తున్నారు కదా, ఏ ఫిల్టరూ వెలుతురు పెంచదు, కొంత తినేస్తుంది. సరుకు మంచిదైతే ఆ నష్టం పెద్దది కాదు. నాసిరకం ఫిల్ము వేడికి మాడి మబ్బు పట్టి, అంచుని చెరిపేసి వెలుతురు నలుదిక్కులా చిమ్ముతుంది. అప్పుడు అసలుకే మోసం.

పురుగుల సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. వరిలో కాండం తొలిచే పురుగు రెక్కల పురుగుల్ని పట్టడానికి దీపపు ఎరలు పెడతాం కదా. పురుగులకి నీలం, ఊదా వెలుతురంటే మోజు. నీలి తెలుపు లైటు వేసుకుని కోత మిషను నడిపితే మనమే నడిచే దీపపు ఎర. పసుపు లైటుకి పురుగులు తక్కువ చేరతాయి.

ఎడారి నుంచి మన ఊరి షాపు దాకా

మామూలు బల్బులో టంగ్‌స్టన్ తీగ వేడికి కొద్దికొద్దిగా ఆవిరై గాజుకి లోపల నల్లగా పట్టేది. 1950ల చివర్లో అమెరికా ఇంజనీర్లు అయోడిన్ లాంటి హాలోజెన్‌ని బల్బులో కొంచెం కలిపితే, అది ఆ ఆవిరిని పట్టుకెళ్లి మళ్లీ తీగకే అప్పగిస్తుందని కనిపెట్టారు. 1962లో యూరప్‌లో బండ్లకి మొదటి హాలోజెన్ బల్బు, హెచ్1, వచ్చింది. మన బండ్లలో ఉండే హెచ్4 1971 నాటిది. చిన్న బల్బులో పెద్ద వెలుతురు.

సరిగ్గా అప్పుడే ఎడారి పందేలు జోరందుకున్నాయి. 1967లో మెక్సికోలోని బాహా ద్వీపకల్పంలో వెయ్యి కిలోమీటర్లకు పైగా రాళ్లూ ఇసుకా దాటే పందెం మొదలైంది. మొదటి ఏడాది గెలిచినవాళ్లకే 27 గంటలకు పైగా పట్టింది. అంటే రాత్రంతా ప్రయాణమే. 1970లో అమెరికాలో కేసీ హైలైట్స్ అనే కంపెనీ ఇలాంటి బండ్లకి అదనపు లైట్లు చేయడం మొదలుపెట్టింది. టాప్ మీద వరసగా గుండ్రటి లైట్లు, వాటి మీద నవ్వు మొహం బొమ్మ ఉన్న పసుపు మూతలు. సినిమాల్లో చూసే ఉంటారు. మన కుర్రాళ్లు జీపు టాప్ మీద లైట్ల వరస పెట్టేది ఆ ఫ్యాషనే.

కానీ ఆ ఫ్యాషన్‌లో మనం సగమే తెచ్చుకున్నాం. లైట్లు తెచ్చుకున్నాం, మూతలు వదిలేశాం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో రోడ్డెక్కితే ఆ లైట్లకి మూతలు వేసి ఉంచాలని నియమం. ఆ లైట్లు పుట్టింది ఎదురుగా ఎవరూ రాని ఎడారి కోసం. మన కాలువ గట్టు మీద ఎదురుగా మోపెడ్ వస్తుంది, గేదె వస్తుంది, ట్యూషన్ నుంచి పిల్ల సైకిలు మీద వస్తుంది.

చివరిది ఎల్‌ఈడీ. ఎర్ర ఎల్‌ఈడీ 1960ల నుంచే ఉంది. బాగా వెలిగే నీలం ఎల్‌ఈడీ 1990ల మొదట్లో గానీ కుదరలేదు. దాన్ని సాధించిన జపాన్ శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురాలకి 2014లో నోబెల్ ఇచ్చారు. మనం తెల్ల ఎల్‌ఈడీ అంటున్నది నిజానికి నీలం చిప్పు మీద పూసిన పసుపు పొడి. నీలం, పసుపు కలిసి కంటికి తెలుపుగా కనపడతాయి. పొడి పూత పలచనైతే నీలి తెలుపు, దట్టమైతే వెచ్చటి తెలుపు. అట్టపెట్టె మీద కెల్విన్ అంకె దీని కొలతే. 3000 అంటే పసుపు ఛాయ, 6000 దాటితే నీలి ఛాయ. 6500 ఉంటే "ఎక్కువ పవర్" అనుకుంటాం. ఎక్కువైంది నీలం, పవర్ కాదు.

మనం ఏం కొనాలి, ఎలా పెట్టాలి

ముందు ఏ పనికో అనుకోండి, తర్వాత లైటు. రాత్రి దున్నడానికి, దమ్ముకి వెనక రెండు ఫ్లడ్ లైట్లు, పనిముట్టు మీద పడేలా కిందికి వంచి. ముందు హెడ్‌లైట్లు సరిచేయించుకోవడమే సగం పని. పగిలిన అద్దం, మసిబారిన పళ్లెం మార్చితే అదనపు లైటు అవసరమే లేదని చాలామందికి తెలుస్తుంది. సంక్రాంతి మంచులో ధాన్యం తోలేవాళ్లకి కింద రెండు ఫాగ్ లైట్లు, 3000 కెల్విన్ దగ్గరివి. కోత మిషనుకి పసుపు ఛాయ ఫ్లడ్, పురుగుల వల్ల.

అట్టపెట్టె మీద వాట్లు, ల్యూమెన్లు చూసి మోసపోకండి. ల్యూమెన్ అంటే ట్యాంకులో మందు ఎంతుందో చెప్పేది. పంట మీద ఎంత పడిందో చెప్పేది లక్స్. దూరం రెండింతలైతే లక్స్ నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే వాట్లు రెండింతలు చేస్తే చూపు రెండింతలు అవదు. నాజిల్ సరిగ్గా ఉంటేనే లాభం.

కరెంటు లెక్క తేలిక. వాట్లని 12తో భాగిస్తే యాంప్‌లు. 60 వాట్లవి రెండు పెడితే 120 వాట్లు, 10 యాంప్‌లు. ఆల్టర్నేటర్ ఎంత ఇస్తుందో దాని మీద చూసుకుని, బ్యాటరీ ఛార్జింగుకి వదిలి మిగిలినదే వాడుకోండి. రిలే, ఫ్యూజు లేకుండా తిన్నగా స్విచ్‌కి కలపొద్దు. వైరు మండితే ట్రాక్టరుతో పాటు ట్రక్కులో గడ్డీ పోతుంది. దమ్ములో తడిసే లైటుకి ఐపీ67 అని ఉండాలి. దుమ్ము చొరదని, మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని దానర్థం.

అన్నిటికన్నా ముఖ్యం, పని లైట్లకి వేరే స్విచ్, ఎర్రగా వెలిగే గుర్తు దీపంతో. చేను దిగి గట్టెక్కేటప్పుడు అది ఆరాలి.

చట్టం కూడా ఇదే చెబుతుంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది చూడండి. లైటుకి 8 మీటర్ల ముందు, నేలకి 1.5 మీటర్ల ఎత్తులో కన్ను ఉన్న మనిషికి కళ్లు చెదరకుండా వెలుతురు కిందికి వంగి ఉండాలి. 108వ నిబంధన ప్రకారం ముందుకి ఎర్ర లైటు కనపడకూడదు, వెనక్కి ఎర్రటిదే కనపడాలి. రివర్సు లైటు లాంటి మినహాయింపులు ఉన్నాయి. కానీ వెనక తెల్ల ఫ్లడ్ వేసుకుని రోడ్డు మీద పోతే వెనకొచ్చేవాడికి మన బండి వస్తోందో పోతోందో తెలియదు. ట్రక్కుకి రేడియం స్టిక్కర్లు వెయ్యండి, అది ఏ ఎల్‌ఈడీ బార్ కన్నా చవక.

నేనేం చేశానంటారా? టాప్ మీద బార్ తీసేశా. వెనక రెండు చిన్న ఫ్లడ్లు, ముందు కింద రెండు పసుపు ఫాగ్‌లు. బావ పొలం ఆ సార్వాకి నేనే దున్ని పెట్టా, ఆస్పత్రి ఖర్చులో సగం పెట్టుకున్నా. కాలు అతుక్కుంది. చలికి ఇప్పటికీ లాగుతోందంటాడు. దానికి నా దగ్గర బదులు లేదు.

మీకు ఒక్క పని చెబుతా, ఈ రాత్రే చెయ్యండి. ట్రాక్టరు చదును నేల మీద ఆపి, ఏ లైట్లతో రోడ్డెక్కుతారో అవన్నీ వెయ్యండి. దిగి ముందుకి పది పన్నెండు అంగలు నడవండి. తిరిగి చూడండి. తర్వాత ఒక స్టూలు వేసుకుని కూర్చుని చూడండి, మోపెడ్ మీద వచ్చేవాడి కన్ను ఉండేది అక్కడే. మీ కాళ్ల ముందు నేల కనపడుతోందా, లైటే కనపడుతోందా?

లైటే కనపడితే పానా తెచ్చి కిందికి వంచండి. వంగకపోతే తీసేయండి.